వేగిందా, మాడిందా? నల్ల ఏల్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సీసా చుట్టూ తిరిగాయి: నల్లగా, చిక్కగా, కాల్చిన గింజల వాసనతో ఉండే ఏల్, అంటే ఒక రకం బీరు. స్టౌట్, పోర్టర్, ఇంపీరియల్ స్టౌట్ అని లేబుల్ మీద రకరకాలుగా రాస్తారు. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. మన రాష్ట్రంలో మద్యానికి వయసు 21 నిండాలి. ఆ లోపు వాళ్లు ఈ పేజీ తిప్పేయొచ్చు.

మా బావమరిది ఇంపీరియల్ స్టౌట్ సీసా ఒకటి తెచ్చాడు. ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టి, మామూలు బీరులాగే చల్లగా తాగాం. అడుగంటిన అన్నం గిన్నె కడిగిన నీళ్లలా ఉంది. కాఫీ, చాక్లెట్ అంటారే, మాకేమీ తగల్లేదు. ఎక్కడ తప్పాం? (రాజాం)

తప్పంతా ఫ్రిజ్‌దే. ఫ్రిజ్‌లో 4, 5 డిగ్రీలుంటుంది. ఆ చలిలో వాసననిచ్చే పదార్థాలు ద్రవం వదిలి పైకి లేవవు. తీపి కూడా నాలుకకు సరిగ్గా అందదు. చేదు మాత్రం చలికి అంతగా లొంగదు. అందుకే మీకు చేదూ మసీ తప్ప మరేమీ దక్కలేదు. ఈ రకం ఏల్‌కి 10 నుంచి 14 డిగ్రీలు కావాలి. సీసా బయట పెట్టి, మన వేసవి అయితే పది నిమిషాలకు, డిసెంబరు అయితే ఇరవై నిమిషాలకు చూడండి. వంటింటి థర్మామీటర్ ఉంటే గ్లాసులో ముంచి చూస్తే అంచనాల గొడవే ఉండదు. మరీ వెచ్చబడినా చెడే: 18 దాటితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకెక్కి మిగతా వాసనలన్నిటినీ తొక్కేస్తుంది.

330 మి.లీ. సీసా ఒక మనిషికి కాదు, నలుగురికి. తలా 80 మి.లీ. చాలు. గ్లాసు వంచి, గోడ వెంబడి జారనిచ్చి, చివర్లో నిటారుగా నిలబెట్టి పోయండి. రెండు వేళ్ల మందాన నురగ రావాలి. నురగ తెల్లగా కాక, చిక్కటి పాలతో కలిపిన కాఫీ మీది నురగ రంగులో ఉంటుంది. అది సద్దుమణిగేదాకా ఆగి, గ్లాసు ఒకసారి తిప్పి, ముక్కు దగ్గర పెట్టి రెండు మూడు పొట్టి పీల్పులు పీల్చండి. ఒకటే దీర్ఘంగా పీలిస్తే ముక్కు వెంటనే అలవాటు పడిపోయి మొద్దుబారుతుంది.

మొదటి గుటకను లెక్కలో వేసుకోకండి. అది నోటిని తడపడానికి మాత్రమే. రెండో గుటక చిన్నది తీసుకుని, నాలుగైదు సెకన్లు నోట్లో తిప్పి, మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. కాఫీ, కోకో, ఎండు ఖర్జూరం అని జనం చెప్పేవన్నీ ఆ వదిలే గాలిలోనే ఉంటాయి. వైన్ రుచి చూసేవాళ్లలా ఉమ్మేస్తే దీనికి కుదరదు. చేదు గొంతు దిగాకే పూర్తిగా తెలుస్తుంది. మూడో గుటక పది నిమిషాలు ఆగి తీసుకోండి. అప్పటికి అదే గ్లాసులో వేరే సరుకు పోసినట్టుంటుంది.

తగిలిన రుచిని మన మాటల్లోనే రాసుకోండి. వేయించిన చోళ్లు (రాగులు), దోరగా కాల్చిన చింతగింజలు, తాటి బెల్లం, ముదురు పాకం, కిస్మిస్, పొగాకు ఆరబెట్టే బేరన్ వాసన. సీసా వెనక రాసిన "ప్లమ్" మీ నాలుకకు తెలియకపోతే అది మీ లోపం కాదు. ఆ పండు మీ పెరట్లో కాయలేదు, అంతే.

సీసాలో చాక్లెట్, కాఫీ పొడి నిజంగా కలుపుతారా?

కొన్నిటిలో కలుపుతారు, కలిపితే లేబుల్ మీద ఉంటుంది. చాలావాటిలో కలపరు. "చాక్లెట్ మాల్ట్" అనేది మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని (దీన్నే మాల్ట్ అంటారు) 200 డిగ్రీలు దాటిన వేడిలో, తిరిగే డ్రమ్ములో వేయించిన గింజ. రంగును బట్టి పెట్టిన పేరు, చాక్లెట్ చుక్క కూడా ఉండదు. కాఫీ గింజను వేయించినప్పుడు జరిగే మార్పులే ఇక్కడా జరుగుతాయి కాబట్టి వాసనలు కలుస్తాయి. ఆ డ్రమ్ముకు డేనియల్ వీలర్ అనే ఆయన 1817లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. అంతకుముందు పోర్టర్ కాచేవాళ్లు రంగు కోసం గోధుమరంగు మాల్ట్‌ను గంపలకొద్దీ వాడేవారు. వీలర్ గింజ వచ్చాక లేత మాల్ట్ మీద గుప్పెడు నల్లది చల్లితే సరిపోయింది. నేటికీ ఇంపీరియల్ స్టౌట్‌లో నల్లగా వేయించినవి మొత్తం గింజలో పదో వంతు దగ్గర్లోనే ఉంటాయి. అంత నలుపూ ఆ కాస్త గింజదే.

నల్లగా ఉంటే బలమైనదనే కదా? (నరసన్నపేట)

కాదు. డబ్లిన్‌లో 1759 నుంచి నడుస్తున్న గిన్నిస్ వారి డ్రాట్ స్టౌట్ 4.2 శాతమే. మన షాపుల్లో దొరికే పసుపుపచ్చ స్ట్రాంగ్ లాగర్ (మామూలు బీరు రకం) దానికంటే చాలా బలమైనది. రంగు వేయింపు వల్ల వస్తుంది. బలం మాత్రం ఎంత చక్కెర కరిగించి పులియబెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకదాన్ని చూసి రెండోదాన్ని చెప్పలేం.

ఇంపీరియల్ స్టౌట్ మాత్రం నిజంగానే బలమైనది. విదేశాల్లో 8 నుంచి 12 శాతం దాకా వెళ్తుంది. మన దేశంలో ఆహార భద్రతా నిబంధనల ప్రకారం బీరుకు 8 శాతమే పైహద్దు కాబట్టి ఇక్కడ కాచినవి ఆ గీత దగ్గరే ఆగుతాయి.

లెక్క ఒకటి వేసి చూపిస్తాం. 10 శాతం ఉన్న 330 మి.లీ. సీసాలో ఆల్కహాల్ 33 మి.లీ. 5 శాతం ఉన్న 650 మి.లీ. పెద్ద బీరులో 32.5 మి.లీ. అంటే చేతిలో ఇమిడే ఆ చిన్న సీసా ఒక ఫుల్ బీరుతో సమానం. 42.8 శాతం విస్కీతో పోల్చాలంటే 77 మి.లీ. అవుతుంది. ఒకటింపావు లార్జ్‌కి కొంచెం ఎక్కువ. బరువులో దాదాపు 26 గ్రాముల ఆల్కహాల్. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములే తీసేయగలదు కాబట్టి రెండున్నర నుంచి దాదాపు నాలుగు గంటల మాటే. "చిన్న సీసాయే కదా" అని బండి తాళం తీసేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు. చట్టం ఒప్పుకునే హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు మాత్రమే.

కాలిన వాసనను కొందరు గొప్పగా చెప్తారు. కాలితే మాడినట్టే కదా? మంచిదీ చెడ్డదీ ఎలా విడదీయాలి? (పలాస)

జీడిగింజలు కాల్చే ఊరి నుంచి రావాల్సిన ప్రశ్నే ఇది. వేగడం వేరు, మాడడం వేరు. ఈ రకం ఏల్ రుచి చూడటంలో సగం పని ఆ గీత ఎక్కడుందో పట్టుకోవడమే. ఒక్క చుక్క మద్యం లేకుండా ఇంట్లోనే నాలుకకు నేర్పించొచ్చు.

కిరాణా కొట్లో బార్లీ గింజలు 60 గ్రాములు తీసుకోండి. దళసరి ఇనుప మూకుట్లో, సన్నసెగ కంటే కాస్త పైన, గరిటె ఆపకుండా వేయించండి. పొట్టు తీసిన గింజ కాబట్టి ఒక్క నిమిషం వదిలినా ఒకవైపే నల్లబడుతుంది. లేత బంగారు రంగుకు రాగానే ఒక వంతు తీసి పళ్లెంలో పరవండి. కాఫీ గింజ రంగుకు వచ్చాక రెండో వంతు. మూడో వంతు పూర్తిగా బొగ్గు రంగు వచ్చి, పొగ ఎగసేదాకా ఉంచండి (కిటికీలు తెరవండి). గింజలను కుప్పగా ఉంచొద్దు. లోపలి వేడికి పళ్లెంలో కూడా వేగుతూనే ఉంటాయి. మూతపెట్టకుండా ఒక రోజు వదిలేస్తే పైపై పొగవాసన పోయి అసలు రుచి నిలుస్తుంది.

మర్నాడు ఒక్కో వంతునూ విడివిడిగా మిక్సీలో రెండు మూడు తిప్పులు తిప్పి రవ్వగా పగలగొట్టండి. పిండి చేస్తే నీళ్లు బురదై వగరు దిగుతుంది. 100 మి.లీ. మరిగే నీళ్లలో 70 మి.లీ. మామూలు నీళ్లు కలిపితే దాదాపు 70 డిగ్రీలవుతుంది. ఒక్కో వంతుకు 15 గ్రాముల రవ్వ వేసి 20 నిమిషాలు నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి చల్లార్చండి. మూడింటికీ ఒకే నీళ్లు వాడాలి, కుదిరితే ఫిల్టర్ నీళ్లు. బోరు నీళ్లలో ఉప్పులెక్కువుంటే నల్లగింజల పులుపు అణిగిపోయి పోలిక తప్పుతుంది.

మొదటిది బిస్కెట్ తడిపిన నీళ్లలా ఉంటుంది. రెండోది కాఫీ, కోకో, చివర సన్నని పులుపు. మూడోది బూడిద: గొంతులో నిలిచి, మంచినీళ్లు తాగినా పోదు. ఇప్పుడు రెండోదానిలోనూ మూడోదానిలోనూ అర చెంచా చొప్పున బెల్లం కలపండి. రెండోదానిలో బెల్లం కలిసిపోయి చాక్లెట్ వైపు వెళ్తుంది. మూడోదానిలో తీపి ఒకవైపు, బూడిద ఒకవైపు విడివిడిగా నిలబడతాయి. అదే తేడా. వేయింపు చేదును తీపి తనలో కలుపుకుంటుంది, మాడును మాత్రం దాచలేదు. మంచి ఇంపీరియల్ స్టౌట్‌లో పులియకుండా మిగిలిన చక్కెర ఆ బెల్లం పని చేస్తుంది. గుటక తర్వాత నిమిషం గడిచినా మసి వాసనే మిగిలితే కాచినవాడు నల్లగింజ ఎక్కువేశాడనే అర్థం.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నల్లగింజలకు పులుపు గుణం ఉంది. గింజలు నానబెట్టిన నీళ్ల పీహెచ్ (పులుపును కొలిచే అంకె) 5.2, 5.6 మధ్య ఉంటేనే పిండి చక్కెరగా మారే పని సరిగ్గా జరుగుతుంది. లండన్, డబ్లిన్ నీళ్లలో కార్బొనేట్లు మెండు. నల్లగింజల పులుపును అవి సరిచేసేవి కాబట్టే ఆ ఊళ్లు నల్ల బీర్లకు పేరుపొందాయి. పై ప్రయోగంలో రెండో గ్లాసులో వంటసోడా చిటికెలో సగం వేసి చూడండి, పులుపు తగ్గిపోవడం మీకే తెలుస్తుంది. చిటికె దాటితే సబ్బునీళ్లే.

లేబుల్ మీద ఓజీ 1.090, ఎఫ్‌జీ 1.024, ఐబీయూ 70 అని ఉంది. ఏంటివి? (బొబ్బిలి)

ఓజీ అంటే పులియకముందు ద్రవం సాంద్రత, ఎఫ్‌జీ పులిశాక మిగిలినది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి 131.25తో హెచ్చిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది: 0.066 × 131.25, సుమారు 8.7. ఎఫ్‌జీ 1.024 అంటే తీపి బాగానే మిగిలిందని. 1.012 దగ్గర ఉంటే పల్చగా, పొడిగా తగులుతుంది. కొనేముందు మేమైతే ఈ అంకెనే ముందు చూస్తాం. ఐబీయూ హాప్స్ (బీరుకు చేదు కోసం వేసే పువ్వులు) చేదుకు కొలత. 70 అనగానే భయపడక్కర్లేదు. పల్చటి లాగర్‌లో 70 ఉంటే నోరు చేదెక్కిపోతుంది, ఇంత చక్కెరలో అది అణిగిపోతుంది. పైగా వేయించిన గింజ చేదు ఈ లెక్కలోకి రాదు.

ఒక సీసా పుల్లగా, ఇంకోటి తడి అట్టముక్కలా ఉంది. రకమే అంతా, పాడైందా? (ఆమదాలవలస)

సన్నని పులుపు గింజదే, దానికి కంగారు వద్దు. పులిసిన మజ్జిగలానో వెనిగర్‌లానో ఉండి, మూత తీయగానే నురగ పొంగి బల్ల మీదకొస్తే బాక్టీరియా చేరినట్టు. పారబోయండి.

తడి అట్టపెట్టె వాసన ఆక్సిజన్, వేడి కలిసి చేసిన పని. మన వైపు ఇదే ఎక్కువ. మే నెలలో లారీలో, ఆపైన అటకమీద గడిపిన సీసాకు నెలలోనే ముసలితనం వస్తుంది. అదే మార్పు చల్లటి చోట, మెల్లగా, బలమైన స్టౌట్‌లో జరిగితే ఎండు ఖర్జూరం రుచి వచ్చి బాగుంటుంది. "ఏళ్లు దాస్తే రుచి పెరుగుతుంది" అనే మాట 8, 9 శాతం దాటినవాటికి, 10–15 డిగ్రీల చీకటి గదికి చెప్పింది. శ్రీకాకుళంలో బీరువా పైన కాదు. ఇక్కడ దాచాలంటే ఫ్రిజ్ కింది అరలో, నిలబెట్టి. తలుపులో పెడితే తీసినప్పుడల్లా కుదుపే. తొందరపడి ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే సీసా పగులుతుంది. ప్రయాణం చేసొచ్చిన సీసాను ఒక రోజు నిలబెట్టి ఉంచితే అడుగు మడ్డి దిగుతుంది.

మిగతా తప్పుల్లో వెన్న వాసన వస్తే ఈస్ట్‌కు పని ముగించే వ్యవధి ఇవ్వలేదని, లేదా బారులో కుళాయి గొట్టాలు కడగలేదని. పచ్చి ఆపిల్ వాసన కూడా తొందరపాటు గుర్తే. సోయా సాస్‌లా ఉంటే చనిపోయిన ఈస్ట్ వేడిలో కరిగింది. పెయింట్ థిన్నర్‌లా ముక్కుకు కొడితే పులిసేటప్పుడు ఉష్ణోగ్రత అదుపు తప్పింది. ఏల్ ఈస్ట్ సాధారణంగా 18–22 డిగ్రీల్లో సుఖంగా ఉంటుంది, 30 దగ్గర అదుపు తప్పుతుంది.

చేదునూ వగరునూ ఒకటిగా చూడొద్దు. చేదు రుచి, వగరు స్పర్శ. కరక్కాయ నమిలాక బుగ్గలు లోపలికి పట్టేసినట్టుంటుందే, అది వగరు. స్టౌట్‌లో అలా ఉంటే గింజలను చివర్లో మరీ వేడినీళ్లతో, 77 డిగ్రీలు దాటి, కడిగారని అనుమానించొచ్చు. పొట్టులోని టానిన్లు దిగిపోయాయన్నమాట. గ్లాసు వెచ్చబడినా వగరు పోదు. చలివల్ల వచ్చిన చేదైతే సర్దుకుంటుంది.

స్టీలు గ్లాసులో తాగితే ఏమవుతుంది? (టెక్కలి)

ఏమీ అవదు, ఏమీ కనబడదు కూడా. రంగు, నురగ చూడలేరు, మూతి వెడల్పుకి వాసన చెదిరిపోతుంది. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న గాజు గ్లాసు కావాలి. బ్రాందీ గ్లాసు దివ్యంగా సరిపోతుంది. మూడో వంతే నింపండి. గ్లాసు శుభ్రం ముఖ్యం: గిన్నెల సబ్బు, నూనె జిడ్డు రవ్వంత ఉన్నా నురగ కూలిపోతుంది. తడి గ్లాసు లోపల ఉప్పు చల్లండి. అంతటా సమంగా అంటుకుంటే శుభ్రం, ఎక్కడ అంటుకోలేదో అక్కడ జిడ్డుంది. కడిగి గుడ్డమీద బోర్లిస్తే గుడ్డ వాసన గ్లాసులో చేరుతుంది. గాలి తగిలేలా జాలీ మీద ఆరబెట్టండి.

దీనితో ఏం తినాలి? మావాళ్లు మిరపకాయ బజ్జీ తెప్పించారు. (చీపురుపల్లి)

పాపం బజ్జీ. ఆల్కహాల్, గ్యాసు, చేదు మూడూ కలిసి కారాన్ని రెచ్చగొడతాయి. గొంతు మంటలో స్టౌట్ రుచి ఏం తెలుస్తుంది? ఉప్పు తక్కువగా వేయించిన పలాస జీడిపప్పు ముందు పెట్టండి. ఒక్కో పలుకూ నమిలి గుటక వేస్తే రెండు వేయింపులూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నువ్వుల ఉండలు, తాటి బెల్లం ముక్క, 60–70 శాతం కోకో ఉన్న చాక్లెట్ కూడా కుదురుతాయి. తినేది గ్లాసులో ఉన్నదానికంటే మరీ తియ్యగా ఉంటే స్టౌట్ పల్చగా, పుల్లగా తోస్తుంది, అందుకే పాకం కారే మిఠాయిలు వద్దు. మాంసాహారులకు నిప్పుల మీద కాల్చిన చేప, కారం తగ్గించి వండిన రొయ్యలు. ఇంగ్లండులో ఆల్చిప్పలతో స్టౌట్ తాగే అలవాటు పాతది. ఉప్పదనానికి ఈ చేదు బాగా నప్పుతుంది.

మన చోళ్లతో ఇలాంటిది కాయొచ్చా? ఇంట్లో ప్రయత్నిస్తే? (గజపతినగరం)

ఇంట్లో వద్దు. లైసెన్సు లేకుండా కాయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, ఎంత చిన్న బిందెలో అయినా. గింజ సంగతి మాత్రం చెప్తాం. చోళ్లు చక్కగా మొలకెత్తుతాయి, మొలకలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములూ ఉంటాయి. సిక్కిం, తూర్పు నేపాల్‌లో తోంగ్బా అనే పానీయం పులియబెట్టేది ఈ గింజతోనే. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. బార్లీకి పొట్టు ఉంటుంది, వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడ. చోళ్లకు అది లేదు కాబట్టి ముద్దై నీరు దిగదు. రెండోది, చోళ్ల పిండి ఉడకడానికి బార్లీకంటే ఎక్కువ వేడి కావాలి. అంత వేడికి బార్లీ ఎంజైములు నీరసిస్తాయి. అందుకే బ్రూవరీలు చోళ్లను విడిగా ఉడికించి, బార్లీ మాల్ట్‌తో కలిపి వాడతాయి. వేయించిన చోళ్ల రుచి మాత్రం స్టౌట్‌లో భేషుగ్గా ఒదుగుతుంది, మాడనివ్వకుంటే.

నల్ల బీరు రక్తం పట్టిస్తుందని, బాలింతలకు మంచిదని మా పెద్దలంటారు. (విజయనగరం)

కాదు. ఇనుము చెప్పుకోదగ్గంత లేదు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఏ మద్యమూ వద్దు. ఆ మాట పాతకాలపు ప్రకటనల నుంచి పుట్టింది. ఇంకో జాగ్రత్త: "మిల్క్ స్టౌట్" అంటే అందులో పాల చక్కెర, లాక్టోజ్, వేశారని అర్థం. ఈస్ట్ దాన్ని తినలేదు కాబట్టి తీపి అలాగే ఉండిపోతుంది. పాలు పడనివాళ్లు లేబుల్ చూసుకోవాలి.

సగం సీసా మిగిలింది. మూత బిగించి దాచొచ్చా? (కొత్తవలస)

మర్నాటి సాయంత్రం దాకా, ఫ్రిజ్‌లో. గ్యాసు పోయి చప్పబడినా రుచి కొంత నిలుస్తుంది. ఆపైన తాగడానికి పనికిరాదు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద నాలుగో వంతుకు మరగనిచ్చి, సమానంగా తాటి బెల్లం వేసి పాకం పట్టండి. మరిగేకొద్దీ చేదు చిక్కబడుతుంది కాబట్టి నాలుగో వంతు కంటే కిందకు పోనివ్వకండి. మేక మాంసానికి చివర్లో రెండు చెంచాలు పూయొచ్చు, చాక్లెట్ కేకు పిండిలోనూ కలపొచ్చు. మరిగించినా ఆల్కహాల్ మొత్తం పోదు, పిల్లలకు పెట్టొద్దు.